ఎర్ర రాళ్ల లెక్క

సెమ్‌ఖా, 2 ఏప్రిల్ 1998

ఒరే నిదూప్,

గుర్రాలాయన రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాడు. కనుమ మీద మంచు తగ్గిందట. ఈ ఉత్తరం నీకు చేరడానికి పదకొండు రోజులు పడుతుంది. అదే నీ ఊరి సరస్సు తెగితే, ఆ నీళ్లు మా ఏటిగట్టుకు చేరడానికి ఏడు గంటలు చాలు. పన్నెండేళ్ల కిందటి వరదలో ఈ లెక్క తేలింది. ఆ నీళ్లలో పోయినవాళ్ల లెక్కలో మా అత్తగారు కూడా ఉన్నారు. నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోను.

నేను సరస్సు అనే రాస్తాను. మీరంతా ‘పైనున్నావిడ’ అంటారు, పేరెత్తితే ఆవిడకి కోపమొస్తుందట! ఆడవాళ్లు దగ్గరికొస్తే కోపం, ఎవరైనా గట్టున మాంసం కాలిస్తే కోపం. పోయినసారి వరదకి కారణం ఎవత్తో గట్టున తల దువ్వుకోవడమేనని మీ పెద్దమనుషులు తేల్చారు. ఆ పెద్దమనుషుల్లో ఒక్కడైనా ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చి చేరుతున్నాయో చూశాడా? మనం చిన్నప్పుడు కొండ మీంచి దిగే ఆ పెద్ద మంచుగడ్డ మూతి ఎక్కడుండేది, ఇప్పుడెక్కడుంది? వెనక్కి పోయిన ప్రతి అడుగూ కరిగి నీళ్లే కదా. ఆ నీళ్లను ఆపుతున్నది ఎవరో కట్టిన ఆనకట్టా? మంచుగడ్డ తోసి వదిలేసిన రాళ్లూ మట్టీ, వాటి మధ్య ఇరుక్కున్న పాత మంచూ. ఆ మంచు కూడా కరుగుతోంది. మన పొగ మన పొయ్యి దాటి పోదు, కానీ ఎక్కడెక్కడి ఊళ్లో కొండలకొద్దీ బొగ్గు కాలుస్తుంటే, నీళ్లు మన నెత్తి మీద పేరుకుంటున్నాయి. వాళ్లనెవరూ తల దువ్వుకోవద్దనరు!

సరే. పని చెబుతాను విను. గట్టున తాత పేర్చిన రాళ్ల స్తంభం ఉంది కదా, పలకలు ఒకదాని మీద ఒకటి. ప్రతి పున్నమికీ వెళ్లి, నీళ్లపైన ఎన్ని పలకలు పొడిగా ఉన్నాయో లెక్కపెట్టి రాయి. వానలు ముదిరేలోగా ఏటిగట్టు వీధిలోని ముప్పై ఇళ్లవాళ్లనీ, బడి హాస్టలు పిల్లలనీ కొండమీదికి మార్చాలని నా పోరాటం. ఊరి సభలో ‘రుజువేది?’ అంటున్నారు. నీ లెక్కే రుజువు.

గుర్రాలాయన చేత ఒక డబ్బా ఎర్ర రంగు పంపుతున్నాను. దాంతో ఏం చెయ్యాలో నీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మరదలు చోదెన్ మోకాలు ఎలా ఉంది?

కోపంతోనూ ప్రేమతోనూ,
నీ అక్క యాంగ్‌కీ


థాంగ్‌చూ, 12 మే 1998

అక్కా,

నీ ఉత్తరం జడలబర్రెల కొట్టంలో కూర్చుని చదివాను. చోదెన్ పాలు పితుకుతూ వింది. ‘మీ అక్క ఉత్తరం చదువుతుంటే బర్రె పాలు చేపట్లేదు, కాస్త నెమ్మదిగా చదువు’ అంది. అంత గట్టిగా రాస్తావు నువ్వు.

నిన్న పున్నమి. వెళ్లాను. తొమ్మిది పలకలు పొడిగా ఉన్నాయి. దారి పక్కన పెద్దబండ మీద నిలబడి, పైనుంచి ఒక్కొక్కదాన్నీ వేలితో తాకి లెక్కపెట్టాను. అడుగున మునిగినవి పదకొండు. మొత్తం ఇరవై అని తాత చెప్పేవాడు, నీకూ గుర్తుండే ఉంటుంది.

రంగు చాలా బాగుందక్కా. చెప్పక్కర్లేదన్నావు, నిజంగానే చెప్పక్కర్లేకపోయింది. నిన్ననే పని పూర్తిచేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. మన లామా గారైతే ‘మీ అక్కకి బుద్ధి వచ్చింది’ అన్నారు.

చోదెన్ మోకాలు అలాగే ఉంది. నాకు తోచిన వైద్యం నేను చేస్తున్నాను. ఒక సంచి ఎండు జున్ను పంపుతున్నాను, గేంబో బావకి పళ్లు గట్టివైతే తినమను.

నీ తమ్ముడు,
నిదూప్


సెమ్‌ఖా, 26 మే 1998

తమ్ముడూ,

తొమ్మిదే! నేను చిన్నప్పుడు చూసినప్పుడు స్తంభం మొత్తం పొడినేల మీద ఉండేది. ఆ ఒక్కసారే నేను చూసింది, నాన్న భుజాల మీద కూర్చుని. పెద్దదాన్నయ్యాక రానివ్వలేదుగా మీరు.

లామా గారు నాకు బుద్ధి వచ్చిందన్నారంటే నాకు భయంగానే ఉంది. అయినా పోనీ, కొండరాయి మీద ఎర్ర గీతలు గీసి నీటిమట్టం గుర్తు పెట్టడం మంచి పనేనని ఆయనకీ తెలిసిందన్నమాట.

సభ జరిగింది. నీ తొమ్మిది పలకల సంగతి చెప్పాను. వాంగ్దా లేచాడు. ఏటిగట్టు వీధిలో సగం ఇళ్లూ, బియ్యం మిల్లూ ఆయనవే. ఆయన లేస్తే సగం సభ లేస్తుంది. ‘పంతులమ్మగారూ, ఒక్కసారి లెక్కపెడితే పెరుగుతోందో తరుగుతోందో ఎలా తెలుస్తుంది? వచ్చే పున్నమి లెక్క రానివ్వండి. తొమ్మిది కంటే తగ్గితే నేనే ముందు మూట కట్టుకుంటాను’ అన్నాడు. అందరి ముందూ అన్నాడు. నేను ‘సరే’ అన్నాను. ఆయన నోటి మాటని ఊరి చేత రాయించి, వేలిముద్ర కూడా వేయించాను. ఇప్పుడు మా ముప్పై ఇళ్లూ, అరవైమంది పిల్లలూ నీ వేలి చివర ఉన్నారు, నిదూప్. సరిగా లెక్కపెట్టు.

జున్ను అందింది. మీ బావ ఒక ముక్క మూడు రోజులుగా నములుతున్నాడు. ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

యాంగ్‌కీ


థాంగ్‌చూ, 11 జూన్ 1998

అక్కా,

శుభవార్త! పదకొండు పలకలు పొడిగా ఉన్నాయి. ఆవిడ తగ్గుతోంది. నువ్వు ఊరికే కంగారుపడ్డావు. రెండుసార్లు లెక్కపెట్టాను, రెండుసార్లూ పదకొండే.

ఇంకొక మంచి మాట. రాళ్లకట్ట అవతలివైపు అడుగున కొత్త ఊట పుట్టింది. ఇంతకుముందు బర్రెల్ని నీళ్లకి అరపూట నడిపించేవాళ్లం, ఇప్పుడు గుమ్మంలోనే నీళ్లు. కాస్త బురదగా వస్తున్నాయి గానీ బర్రెలకేం పట్టింపు? మన పెద్దమనుషులు ‘చూశావా, ఆవిడ చల్లగా చూసింది’ అంటున్నారు.

మూలికలు ఏరుకోవడానికి అవతలి రెండు లోయల నుంచీ జనం వస్తున్నారు. ఎప్పుడూ లేనిది, మన గట్టు దారినే పోతున్నారు. ఊరంతా సందడి. చోదెన్ వాళ్లకి టీ పోసి పోసి మోకాలి నొప్పి పెంచుకుంది. నెల నెలా తన పేరున నేను చెయ్యాల్సింది చేస్తూనే ఉన్నాను.

పిల్లల్ని హాయిగా పడుకోమను.

సంతోషంగా,
నిదూప్


సెమ్‌ఖా, 24 జూన్ 1998

నిదూప్,

నీ ‘శుభవార్త’ ఎలా చేరిందో తెలుసా? గుర్రాలాయన వాంగ్దా మిల్లు దగ్గర గుర్రాలకి నీళ్లు పెట్టాడు. ‘మీ పంతులమ్మ తమ్ముడి ఉత్తరం’ అన్నాడట. వాంగ్దా తిన్నగా తీసుకొచ్చి నా చేతికిచ్చి, సభలోనే చదవమన్నాడు. చదవకపోతే దాచానంటారు. చదివాను. ‘పిల్లల్ని హాయిగా పడుకోమను’ అన్నచోట మొత్తం సభ చప్పట్లు కొట్టింది. వాంగ్దా నాకు ఒక బస్తా ఎర్రబియ్యం పంపాడు, ‘కంగారు తగ్గడానికి’ అని చీటీ రాసి. బియ్యం తిప్పి పంపేశాను. చీటీ ఉంచుకున్నాను.

ఇప్పుడు చెప్పు. నువ్వు నిజంగా వెళ్లావా, లేక కొట్టంలో కూర్చుని లెక్కపెట్టావా? జూన్ నెలలో, మంచు అంతా కరిగి దిగుతున్నప్పుడు, నీళ్లు తగ్గడమేమిట్రా? తగ్గిన నీళ్లు ఎటు పోయాయి? ఇక్కడ ఏటిలో అంత నీరు రాలేదు. మరి ఆవిరైపోయాయా?

ఆ ఊట గురించి నువ్వు రాసింది చదివి నాకు చెమటలు పట్టాయి. కట్ట అడుగున బురదనీళ్లు వస్తున్నాయంటే అది గుమ్మంలోకి వచ్చిన వరం కాదు. లోపల మంచు కరిగి, నీళ్లు దారి చేసుకుంటున్నాయి. బురదగా వస్తోందంటే కట్టని లోపల్నుంచి కడుక్కుపోతోందని అర్థం. నీకు ఆరో తరగతిలో నేను చెప్పిన పాఠం అది, నువ్వు కిటికీలోంచి బర్రెల్ని చూస్తూ కూర్చున్నావు.

‘ఆవిడకి కోపం’, ‘ఆవిడ చల్లగా చూసింది’ అంటూ ఒక ఊరంతా ఏమీ చెయ్యకుండా ఉండటానికి ఎన్ని దారులు! కోపమొస్తే దణ్ణం పెట్టడం, చల్లగా చూస్తే టీ తాగడం. ఈ రెండిటి మధ్య ఒక్కడైనా గడ్డపార పట్టుకుని నీళ్లకి దారి తియ్యడు.

ఎర్ర గీతల్లో ఎన్ని మునిగాయి? అది రాయి. అది ఒక్కటీ రాయి.

యాంగ్‌కీ


థాంగ్‌చూ, 10 జూలై 1998

గౌరవనీయులైన పంతులమ్మ గారికి,

థాంగ్‌చూ నివాసి, జడలబర్రెల కాపరి, ఆరో తరగతి తప్పినవాడు రాయునది.

కొట్టంలో కూర్చుని లెక్కపెట్టానన్నారు. నిన్న వానలో, మోకాలిదాకా బురదలో వెళ్లి లెక్కపెట్టాను. పద్నాలుగు పలకలు. నా చేతివేళ్లు అయిపోయి బూట్లు విప్పాల్సి వచ్చింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మీరే రండి. ఓ, రానివ్వం కదూ మేం!

ఎర్ర గీతలేమిటో నాకు తెలీదు. నేనే గీతలూ గీయలేదు. రంగు తాత స్తంభానికి వేశాను, పొడిగా ఉన్న తొమ్మిది పలకలకీ, నున్నగా, గుడిలా ఉండేట్టు. అందుకే కదా పంపారు?

ఇట్లు

13 జూలై

అక్కా,

పై మాటలు చదవకు. చదివేసి ఉంటే మర్చిపో.

గుర్రాలాయన రాకపోవడంతో ఉత్తరం ఇక్కడే ఉండిపోయింది. నేను దాన్ని చోదెన్‌కి గొప్పగా చదివి వినిపించాను. ‘మీ అక్క అడిగినదానికి నువ్వు జవాబు చెప్పలేదు’ అంది. ‘చెప్పానుగా, పద్నాలుగు!’ అన్నాను. ‘అందులో ఎర్రవెన్ని?’ అంది.

నేను ఉత్తరం మడిచి పక్కన పెట్టాను.

తెల్లారి తనే వెళ్లింది అక్కా, కుంటుకుంటూ, కర్ర పట్టుకుని. గట్టున ఇద్దరు పెద్దమనుషులు అడ్డం నిలబడ్డారు. ‘ఆవిడకి కోపమొస్తే నా మోకాలు నొప్పెడుతుందా? అది ఎలాగూ నొప్పెడుతోంది, తప్పుకోండి’ అని దాటుకుపోయింది. నేను వెనకే వెళ్లాను.

ఎర్రవి మూడు. అంతే. మిగతా పదకొండూ మామూలు రాళ్లు.

రంగు వేశాక అది దేవుడి స్తంభంలా కనిపించింది. దారిన పోయేవాళ్లు మన అలవాటు ప్రకారం గుంపుకొక పలక పైన పెట్టి, కళ్లకద్దుకుని పోయారు. అవతలి లోయలవాళ్లు అందుకోసమే ఈ దారి పట్టారట. చోదెన్ ఒక తెల్లరాయి పట్టుకుని, ‘ఇది నేను జూన్‌లో మోకాలి కోసం నీ చేతికిచ్చిందే కదా?’ అంది. అదే. దాని పైది జూలైలో ఇచ్చింది. ప్రతి పున్నమికీ ముందు నా చేత్తో పలక పెట్టి, ఆ తరవాత అదే చేత్తో లెక్కపెట్టి, ‘ఆవిడ తగ్గుతోంది’ అని నీకు రాశాను.

ఆరు ఎర్ర పలకలు మునిగాయి. ఒక్కోటి బెత్తెడు మందం. ఊట ఇప్పుడు మూడు చోట్ల వస్తోంది. రాత్రుళ్లు కట్ట లోపల రాళ్లు జరిగిన చప్పుడు. మా ఊరివాళ్లం బర్రెలతో సహా పైమేతకి పోతున్నాం. మాకు పైన చోటుంది. ముప్పు మీకే.

గుర్రాలాయనతో దెబ్బలాడి, ఆగకుండా పొమ్మన్నాను. నా ముసలి గుర్రాన్ని కూడా ఇచ్చాను, మార్చుకుంటూ పోతే ఎనిమిది రోజుల్లో వస్తాడు.

నిదూప్


సెమ్‌ఖా, 24 జూలై 1998

తమ్ముడూ,

ఎనిమిది రోజుల్లోనే వచ్చాడు. నీ గుర్రానికి ఇక్కడ బియ్యం పెట్టి మేపుతున్నాను.

తిట్టడానికి టైము లేదు, తరవాత తిడతాను. నాకూ నేను పెట్టుకోవాల్సిన చివాట్లున్నాయి. ‘చెప్పక్కర్లేదనుకుంటాను’ అని రాసింది నేనే కదా. రేపట్నుంచి పిల్లలకి చెప్పక్కర్లేనిది కూడా చెబుతాను.

సభ పెట్టించాను. చదివాను. వాంగ్దా నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ‘మే నెలలో తొమ్మిదన్నాడు, జూన్‌లో పదకొండన్నాడు, ఇప్పుడు మూడంటున్నాడు. పంతులమ్మా, మీ తమ్ముడు లెక్కపెట్టేది పలకలా, సారా గ్లాసులా?’ అన్నాడు. అందరూ నవ్వారు. నాకు కూడా ఒక్కక్షణం నవ్వొచ్చింది, అదే నా బాధ.

వేలిముద్ర కాగితం చూపిస్తే ‘అది జూన్ పున్నమి మాట’ అన్నాడు. వాదన ఓడిపోయింది, నిదూప్. ఇరవై ఏళ్లుగా వాదిస్తున్నాను. వాదించి ఒక్కణ్ణి కూడా ఒక్క మెట్టు ఎక్కించలేనని ఆ సభలో తెలిసింది. కాబట్టి వాదించడం మానేశాను.

నిన్న వాంగ్దా మిల్లు తలుపుకి ఒక కాగితం అంటించాను. ‘ఏటిగట్టు వీధి మగవాళ్లకి గురి లేదు. ఉందని ఎవరైనా అనుకుంటే, 28వ తేదీ నుంచి కొండమీది మైదానంలో కొండవీధి జట్టుతో విలువిద్య పోటీకి రావాలి. రాకపోతే గాజులు పంపుతాం’ అని. మధ్యాహ్నానికల్లా వాంగ్దా విల్లు దుమ్ము దులిపాడు. ఏటిగట్టు జట్టుకి ఆయనే నాయకుడు కదా.

మన ఆచారం నీకు తెలుసు. పోటీ అయ్యేదాకా విలుకాళ్లు ఇంటికి పోకూడదు, పెళ్లాం పక్కన పడుకోకూడదు. మైదానం పక్కన గుడారాల్లోనే పడక. వాళ్లకి వండటానికీ, అవతలి జట్టుని పాటలు కట్టి వెక్కిరించడానికీ ఆడవాళ్లంతా రావాలి. మా హెడ్మాస్టరు కూడా విలుకాడే, బడికి సెలవిచ్చేశాడు. ఇంక కింద ఎవరు మిగులుతారు? జీవితమంతా ఆచారాల్ని తిట్టినదాన్ని, వాటిని ఇలా వాడుకుంటున్నందుకు నన్ను ఎవరైనా తిట్టుకోనీ.

ఒక్కటే చిక్కు. ఎవరో ఒకరు గెలిస్తే పోటీ అయిపోతుంది, అందరూ దిగిపోతారు. అందుకని రెండు వీధుల ఆడవాళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడాను. వాళ్లు సభలో నోరెత్తరు గానీ నా మాట నమ్మారు, ఏట్లోంచి నీళ్లు మోసేది వాళ్లే కదా. ఏటి నీళ్లు రంగు మారడం మగవాళ్ల కంటే ముందు వాళ్లే చూశారు. ఒప్పందం ఏమిటంటే, ఎవరి మొగుడికీ గురి కుదరనివ్వకూడదు.

మీ బావకి ఈ సాయం అవసరం లేదు. ఆయన స్వశక్తితోనే గురి తప్పుతాడు.

యాంగ్‌కీ


పైమేత, థాంగ్‌చూ, 3 ఆగస్టు 1998

అక్కా,

నిన్న పొద్దున తెగింది.

పైనుంచి ఒక మంచు చరియ విరిగి ఆవిడలో పడింది. అల లేచింది. కట్ట మీదుగా దూకింది. మొదట ఒక గుర్రం పట్టేంత గండి, మేం చూస్తుండగానే ఊరు పట్టేంత అయింది. బండలు ఒకదానికొకటి కొట్టుకుంటూ పోతుంటే నేల వణికింది. గాలిలో దున్నిన మట్టి వాసన. కింది పచ్చిక పోయింది, బంగాళాదుంపల మడులు పోయాయి, రెండు వంతెనలు పోయాయి. మేమంతా బతికే ఉన్నాం, బర్రెలు కూడా.

నేను గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తెగి ఏడు గంటలు నిండేసరికి సాయంత్రమైంది, చోదెన్ నా చెయ్యి పట్టుకుంది.

ఇవాళ గట్టుకి వెళ్లాను. స్తంభం పొడినేల మీద ఒంటరిగా నిలబడి ఉంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ఒక్కటీ తడి లేదు.

నా ఉత్తరం నీకు అందిందా? అందితే వాళ్లు నమ్మారా? హాస్టలు పిల్లలు ఎక్కడున్నారు? వంతెనల్లేవు, గుర్రాలాయన చుట్టూ తిరిగి రావాలి, ఎన్నాళ్లు పడుతుందో తెలీదు. నా లెక్క వల్ల ఎవరికైనా ఏమైనా అయితే, నేను...

ఏదైనా రాయి. తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. తిట్టినా సరే, రాయి.

నిదూప్


సెమ్‌ఖా, కొండవీధి, 29 ఆగస్టు 1998

ఒరే మొద్దు వెధవా, గుడ్డి లెక్కలవాడా, బర్రెల దగ్గర లెక్క నేర్చుకున్నవాడా,

ఇదిగో, తిడుతున్నాను. చాలా? చాలకపోతే ఇంకా ఉన్నాయి.

ఒక్క ప్రాణం పోలేదు. ముందు ఆ మాట చోదెన్‌కి చదివి వినిపించు. తరవాత మిగతాది చదువు.

రెండో తేదీకి పోటీ ఆరో రోజు. ఆరు రోజుల్లో రెండు జట్లకీ కలిపి పదకొండు పాయింట్లు! ఇంత దరిద్రపు పోటీ ఈ లోయ ఎన్నడూ చూడలేదు. మగవాళ్లు విల్లు మార్చారు, తాడు మార్చారు, జ్యోతిష్కుణ్ణి మార్చారు. విల్లు ఎక్కుపెట్టగానే ఆడవాళ్లు మొదలుపెట్టేవాళ్లు. ఏటిగట్టు చివరింటి ముసలమ్మ కొండెక్కనంటే, నలుగురం కుర్చీలో మోసుకొచ్చాం. ‘ఏమయ్యా వాంగ్దా, నీ బాణం కంటే నా అట్లకాడే దూరం పోతుంది! అదిగో, అదే నీ గురి, పక్కింటి ఆవు బెదిరింది!’ అని ఆవిడ అంటుంటే వాంగ్దా మరో బాణం పక్కకి వదిలేవాడు. మీ బావ ఒక బాణం నా అన్నం గిన్నె మూత మీద దించాడు. నేను కుట్ర చేశానని అందరూ అనుకున్నారు. లేదు, అది నిజంగా ఆయన ప్రతిభే.

ఆ సాయంత్రం వాంగ్దా వంతు. ఎక్కుపెట్టాడు. ముసలమ్మ నోరు తెరిచింది, కానీ పాట రాలేదు. ఆవిడ కిందికి చూస్తోంది. అందరం చూశాం. ఏరు నల్లగా, ఒళ్లు విరుచుకుంటూ వస్తోంది, నీళ్లకంటే ముందు దాని చప్పుడు. దేవదారు చెట్లు వేళ్లతో సహా నిలువునా నడిచొస్తున్నాయి. హాస్టలు, వీధి, వంతెన, అన్నీ చూస్తుండగానే పోయాయి. చివరికి మిల్లు. అది కాసేపు తేలింది కూడా. మడుల నిండా ఇసుక, మూరెడు మందం. వరి ఈ ఏటికి లేదు, వచ్చే ఏడు కూడా సందేహమే. ఏడ్చేవాళ్లు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, పిల్లల్ని మూడుసార్లు లెక్కపెట్టాక. అరవై. ముగ్గురం వేరువేరుగా పెట్టాం లెక్క, నీ వల్ల వచ్చిన జాగ్రత్త అది.

మేమంతా ఏటికేసి చూస్తుండగా వాంగ్దా చేతిలోంచి బాణం జారిపోయింది. పోయి, అవతల లక్ష్యం నడిమధ్యలో దిగింది. ఎవ్వరం చూడలేదు. ఇప్పుడు ప్రతి సభలోనూ లేచి, ‘ఆ పాయింటు నాది, రాసుకోండి’ అంటున్నాడు. ఇల్లు లేదు, మిల్లు లేదు, మా వరండాలో పడుకుంటున్నాడు, అయినా పాయింటు కావాలి. నేను మాత్రం ఒప్పుకోలేదు. అప్పుడు ఆడవాళ్లు పాడటం ఆపారు కదా, అది చెల్లదు.

నిన్న ఆయనే వచ్చి, ‘పంతులమ్మా, ఎర్రవి మూడన్నాడు కదూ మీ తమ్ముడు’ అన్నాడు. అంతే అన్నాడు. నా జీవితంలో గెలిచాక నోరు మూసుకున్నది అదే మొదలు.

ఇప్పుడు విను, ఈసారి చెప్పక్కర్లేనిది కూడా చెబుతున్నాను. మంచుగడ్డ కరగడం మానదు, గండి పూడుకుంటే మళ్లీ నీళ్లు చేరతాయి. వాంగ్దా చేతా ఊరి చేతా అర్జీ మీద సంతకాలు పెట్టించాను. నీళ్లకి దారి తవ్వడానికి మనుషులూ, కబురు అందించే వైర్‌లెస్సూ అడుగుతున్నాం. ఇవ్వకపోతే ఎవరెవరి గుమ్మాల్లో కూర్చోవాలో నాకు తెలుసు. ఈలోగా, రంగు డబ్బా ఇంకొకటి పంపుతున్నాను. కదలని కొండరాయి మీద గీతలు గియ్యి. గీతలు, నిదూప్. అడ్డంగా. స్తంభానికి వెయ్యకు, బర్రె కొమ్ములకి వెయ్యకు, గుమ్మానికి వెయ్యకు. లెక్క నువ్వు పెట్టొద్దు. ఇక చోదెన్ పెడుతుంది. అడ్డం వచ్చే పెద్దమనుషులకి ముప్పై ఇళ్లూ, అరవైమంది పిల్లలూ ఎవరు అడిగిన ప్రశ్న వల్ల బతికారో చెప్పు.

మోకాలికి రాయి పెట్టుకోవాలంటే పెట్టుకోండి. ఎక్కడో దూరంగా.

తిట్లు ఇంకా మిగిలాయి, కాగితం అయిపోయింది. వంతెన కట్టగానే నీ గుర్రం ఎక్కి నేనే వస్తున్నాను. ఈసారి నాన్న భుజాల్లేవు, నా కాళ్లతోనే గట్టు మీదికి నడిచి, ఆ సరస్సు పక్కన నిలబడి, మిగతావి నోటితో తిడతాను. వినడానికి సిద్ధంగా ఉండు.

ఇట్లు,
బతికే ఉన్న నీ అక్క,
యాంగ్‌కీ